రెండుసార్ల మేస్త్రి

బస్సు కింద వెల్లకిలా పడుకుని, వెనక చక్రం బ్రేకు గొట్టాన్ని వేళ్ళతో తడుముతున్నాడతను. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లబడింది. గొట్టం కారుతుంటే ఆ చెమ్మ ముందుగా తెలిసేది ఆ వేలికే. చూసిందే మళ్ళీ చూస్తాడని డిపోలో అందరూ అతన్ని రెండుసార్ల మేస్త్రి అంటారు. ఆ సాయంత్రంతో అతను రిటైరవుతున్నాడు.

ఇరవై రెండేళ్ళ క్రితం ఒక పొద్దున మాత్రం అతను ఒక బస్సును ఒక్కసారి కూడా చూడలేదు. ఆలస్యమైతే అధికారి తిడతాడని భయపడి, చూశానని సంతకం పెట్టేశాడు. ఆ బస్సు వాలులో ఆగక గోడకు గుద్దుకుంది. కండక్టరుకు ఎడమకాలు మోకాలిదాకా పోయింది. బ్రేకు గొట్టం అప్పటికప్పుడే పగిలిందని, మేస్త్రి తప్పేం లేదని విచారణలో తేల్చారు. ఏడాదిపాటు అతనికి అన్నం సయించలేదు. చివరికి కండక్టరు ఇంటికెళ్ళి, గుమ్మంలోనే నిజం చెప్పేశాడు.

కండక్టరు చంకకర్రలు గోడకానించాడు.

"ఆ పొద్దున నువ్వు బస్సు కిందికి దూరలేదని నాకు తెలుసు. ఎప్పుడో క్షమించేశాను. క్రీస్తు నన్ను ఊరికే క్షమించాడు, నిన్ను పట్టుకుని నేనేం చేసుకోను? లోపలికి రా, తిందువుగాని."

మేస్త్రి తిని లేచి, నేరుగా డిపోకెళ్ళి అధికారి ముందూ ఒప్పుకున్నాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. హోదా తగ్గించారు, సరేనన్నాడు. కండక్టరు తమ్ముడు మాత్రం మండిపడ్డాడు. కృప పేరుతో ఇలా ఊరికే వదిలేస్తే పాపానికి పగ్గాలు వదిలినట్టేనని, వీడు మళ్ళీ అదే పని చేస్తాడని అన్నను దులిపేశాడు.

ఇవాళ మేస్త్రి చూస్తున్న ఈ బస్సుకు ఆ తమ్ముడే డ్రైవరు. ఇన్నేళ్ళలో మేస్త్రితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

ప్రయాణికులు గొణుగుతున్నారు. ఫోర్‌మన్ వచ్చి, ఒకసారి చూశావు కదా, సంతకం పెట్టమని కసిరాడు. మేస్త్రి నవ్వి మళ్ళీ కిందికి దూరాడు. అన్ని చక్రాలూ చూసి పాకుతూ బయటికొచ్చాడు.

"ఏమీ లేదుగా?" అన్నాడు ఫోర్‌మన్ వెటకారంగా.

"లేదండీ. ఇప్పుడు సంతకం పెడతాను."

డ్రైవరు దిగొచ్చి, చెయ్యిచ్చి అతన్ని పైకి లేపాడు. "మళ్ళీ తప్పు జరుగుతుందని భయమా నీకు?" అని మెల్లగా అడిగాడు.

"కాదయ్యా. ఆ రోజు సంతకం పెట్టించింది భయమే. మీ అన్న దాన్ని తీసి అవతల పారేశాడు. తిట్లకీ భయం లేదిప్పుడు. కిందికి దూరితే హాయిగా ఉంటుంది, అంతే."

డ్రైవరు చాలాసేపు అతని చెయ్యి వదల్లేదు. "మా అన్న నిన్ను చెడగొట్టాడనుకున్నాను," అన్నాడు. "తప్పు నాదే."

సాయంత్రం మేస్త్రి మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, అదే బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ వాలు దిగేటప్పుడు కూనిరాగం తీశాడు. డ్రైవరు కూడా గొంతు కలిపాడు.

డిపోలో, బస్సుల కిందికి దూరేటప్పుడు అతను పరుచుకునే గోనెపట్టా మిగిలింది. దానిమీద రెండు భుజాల అచ్చు నల్లగా, వెడల్పుగా పడి ఉంది.