హద్దురాయి అవతల చెప్పులు

హద్దురాయి దగ్గర చెప్పులు విడిచి, వాటి ముక్కులు దారి వైపు తిప్పి పెట్టాడు గునపయ్య. పని ముగించి వెళ్ళేటప్పుడు కాలు దానంతటదే వాటిలో దూరాలి. ఇంకొకరి జాగాలోకి అడక్కుండా కాలు పెట్టడు. గోతులు తవ్వి బతికేవాడికి ఇంత మర్యాదేమిటని అందరూ నవ్వేవారు. ఆయన గునపం దింపితే పాతాళంలో వాళ్ళు ఉలిక్కిపడి తలుపు తీస్తారనీ, ఈయన గుమ్మంలోనే నిలబడి "రావచ్చా అండీ" అని అడుగుతాడనీ చెప్పుకునేవారు. నేను సగమే నమ్మాను.

ఆ మర్యాద ఊరికే అబ్బలేదు. పెళ్ళైన కొత్తలో ఒకాయన చూపించిన చోట గోడకి పునాది తీస్తుంటే, పక్క జాగా ఆయన వచ్చి పారకర్రతో మెడ పక్కనున్న భుజం ఎముక విరగ్గొట్టాడు. చూపించిన పెద్దమనిషి అప్పటికే జారుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుని, ఎడమ భుజం చెవికి చాడీలు చెబుతున్నట్టు పైకి లేచి ఉండిపోయింది. అప్పటినుంచీ జాగా గలవాడు తన చేత్తో గునపం పట్టి మొదటి పోటు పొడిస్తేగానీ ఈయన మట్టి ముట్టడు. కాగితాలు చదవలేడు. పొడిచిన చెయ్యి రేపు కాదనలేదని ఆయన ధీమా.

ఆ ఉదయం పని ఒక పాత పెంకుటింటి పెరట్లో. ఇంటి పెద్దకొడుకు మరుగుదొడ్డికి గుంట కావాలన్నాడు. గునపం అందించగానే లాక్కుని పొడిచాడు. అడుగునున్న రాయి నిప్పురవ్వ చిమ్మింది. చోటు చూస్తే వంటింటి గోడ పక్కనే.

"వంట పక్కన దొడ్డేమిటి బాబూ?"

"తినేది నువ్వా? తవ్వు."

తవ్వాడు. వేళ్ళు నరాల్లా తెగాయి. నిద్రపోతున్న కప్పొకటి గునపం కింద రెండుగా చీలింది. గునపయ్య ఒక్క క్షణం ఆగి, రెండు ముక్కల్నీ మట్టితో కప్పి మళ్ళీ ఎత్తాడు. ప్రతి దెబ్బా భుజంలోంచి వెన్నులోకి పాకుతోంది. పొద్దున భార్య ఆ భుజానికి నూనె రాస్తూ, గునపానికున్న పదును నోటికి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాడివని దెప్పింది. అన్నం డబ్బా చేతికిస్తూ, చీకటి పడకముందే రమ్మంది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి గుంట ఛాతీ లోతుకు దిగింది. గునపం ఠంగుమంది. మూతికి సున్నం బిగించిన ఇత్తడి బిందె. పెద్దకొడుకు మెట్లూ గిట్లూ చూడకుండా గుంటలోకి దూకి, బిందెను బిడ్డలా వాటేసుకున్నాడు. ఇంత ఆత్రం చూశాక మరుగుదొడ్డి సంగతి గునపయ్యకు బోధపడింది.

"దొరికింది సర్కారుకి చెప్పాలి బాబూ. లేకపోతే ఇద్దరం లోపలికే."

పెద్దకొడుకు ఆయన చెంప ఛెళ్ళుమనిపించాడు. గునపయ్య పళ్ళలో ఒకటి కదిలి నోట్లో రక్తం ఊరింది. ఆ చప్పుడుకి ఇంటి అవతలి సగంలో ఉండే తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. అన్నదమ్ములకు మాటలు పోయి చాలాకాలమైంది. ఇల్లు పంచుకున్నారుగానీ పెరడు పంచుకోలేదు. దాని మీద కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది.

"ఉమ్మడి జాగాలో నన్నడక్కుండా ఎవడ్రా తవ్వమంది?" అన్నాడు తమ్ముడు.

చెంపదెబ్బకు చలించని గునపయ్య ఆ మాటకు గుంట అంచు పట్టుకున్నాడు. ఇంతకాలం కాపాడుకున్న నియమం తప్పింది. పడింది సగం చెయ్యే. పైకెక్కి, గునపాన్ని తువ్వాలుతో తుడిచి, ఎప్పటిలాగే మొద్దు కొస ముందుకు పెట్టి రెండు చేతులతో తమ్ముడికి అందించాడు.

"తప్పైపోయింది బాబూ. మీ చెయ్యి కూడా పడాలి. ఒక్క పోటు వెయ్యండి. ఆపైన మీరూ మీరూ చూసుకోండి."

ఆయన చేతిలోంచి గునపం అందుకున్నవాడెవడైనా నేలనే చూసేవాడు. ఇతను గుంటలో వంగి ఉన్న అన్న తలను చూశాడు.

దెబ్బ ఎక్కడ పడుతుందో ఎత్తిన భుజాన్ని బట్టి తెలిసిపోయే వృత్తి అది. గునపయ్య అడ్డం వెళ్ళాడు. ఇనుము పాత విరుగు మీదే పడి మెడలోకి దిగింది. ఆయన అంచు మీదినుంచి జారి గుంటలో పడ్డాడు. అన్న ఆయన వీపు మీద కాలేసి పైకొచ్చి, బిందెతో తమ్ముడి ముఖం మీద మోదాడు. దవడ పగిలింది, బిందె మూతికున్న సున్నం కూడా. తుప్పుపట్టిన తలుపు మేకులు, బందులు, తాళంచెవి లేని తాళం కప్పొకటి రక్తంలో దొర్లాయి. ఏ తాతో పాత గుమ్మం విప్పినప్పుడు దాచిన ఇనుము. దాన్ని చూశాక కూడా వాళ్ళు ఆగలేదు. మేకులు గుప్పిట పట్టి పొడుచుకున్నారు. గుంట అంచు నుంచి మట్టి కొంచెంకొంచెంగా జారి గునపయ్య చేతుల్ని కప్పుతోంది. ఇరుగుపొరుగు వచ్చి విడదీసేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది.

పోలీసులు అన్నదమ్ముల్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. గునపం, బిందె సాక్ష్యానికి మూటకట్టారు. గునపం ఆ తవ్వేవాడే తన చేతికిచ్చాడని తమ్ముడు పగిలిన దవడతోనే చెప్పాడట. అది అబద్ధం కాదు మరి.

కబురంది భార్య వచ్చింది. పరుగున వచ్చిన మనిషి హద్దురాయి దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రావచ్చా బాబూ?"

"పర్మిషన్ లేదమ్మా," అన్నాడు కాపలా కానిస్టేబులు.

ఆమె అక్కడే కూలబడింది. శవాన్ని బండెక్కించాక ఆమెనూ దాని వెంటే పంపారు. పెరటి గేటుకి తాళం పడింది. హద్దురాయికి అవతల, ఎవరి జాగా కాని చోట, మడమలు అరిగిన ఆ చెప్పుల జత ముక్కులు దారి వైపు పెట్టుకుని ఉంది.