శనివారం ఆగిపోయే బొమ్మ

రోజూ నాలుగింటికి ఎండ వరండాలోకి దిగేసరికి సారవ్వ ఆరబోసిన మిరపకాయలను ఒక పక్కకు జరిపి మూడు కుర్చీలు వేస్తుంది. ఒకటి మొగుడు ఆగయ్యకు, ఒకటి ఎదురు క్వార్టర్ సుబ్రహ్మణ్యం సారుకు, చేతులున్న గట్టి కుర్చీ నర్సింగానికి. నర్సింగానికి కుడి కాలు లేదు. లేవాలంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. తను మాత్రం గడప మీద కూర్చుని అందరికీ చాయ్ పోస్తుంది. చాయ్ సగమయ్యేలోపు వరండాకు అడ్డంగా కట్టిన పరదా మీద అమెరికా సినిమా మొదలవుతుంది.

ఆ పరదా ఒకప్పుడు ఆఫీసర్ల క్లబ్బులో సినిమా తెర. క్లబ్బు కూలగొట్టిన రోజు దాన్ని చెత్తలో పడేస్తుంటే, బొగ్గు దుమ్ము ఇంట్లోకి రాకుండా పనికొస్తుందని సారవ్వ తెచ్చుకుంది. రెండుసార్లు నానబెట్టి ఉతికింది. మరకలు పోయాయి గానీ బొమ్మలు పోలేదు. అరవైల్లో, డెబ్బైల్లో అక్కడెక్కడో తీస్తే తీరిగ్గా గోదావరిఖని చేరిన సస్పెన్స్ సినిమాలన్నీ అందులోనే ఉన్నాయి. టోపీలు, పొడుగు కోట్లు, పడవలంత కార్లు, మెట్లెక్కే నీడలు, మోగుతున్నా ఎవరూ ఎత్తని టెలిఫోన్లు. తెర వచ్చింది కానీ స్పీకర్లు రాలేదు కాబట్టి మాటలు వినపడవు. ఆ లోటు సుబ్రహ్మణ్యం సారు తీరుస్తాడు. కాకినాడ నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చి, గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పెదాల కదలికను బట్టి ఇంగ్లీషు చెప్పేస్తానంటాడు. అందులో సగం ఆయన సొంత కల్పనేనని అందరికీ తెలుసు.

కరెంటు పోయినా నడిచే సినిమా కనుక కాలనీలో ఎవరికీ దాని మీద ఫిర్యాదు లేదు.

“అప్పట్ల ఎడమ చెయ్యితోని కాల్చిండు గదా, ఇప్పుడు కుడి చెయ్యి ఏంది సార్?” అని ఆగయ్య వారానికోసారైనా అడుగుతాడు.

“ఎప్పుడూ కుడి చెయ్యేనయ్యా. మీరు తెరకి వెనకాల కూర్చుని చూశారు కదా, తిరగబడి కనపడేది.”

“కూసున్నమా, కూసోబెట్టిండ్రా?”

సుబ్రహ్మణ్యం సారు ఇబ్బందిగా నవ్వి చాయ్ తాగుతాడు. ముందువైపు కుర్చీలు ఆఫీసర్లవి, గుమాస్తాలవి. గనిలో దిగేవాళ్లకు వెనకవైపు నేల. ఆ నేల కూడా ఐదింటికల్లా నిండిపోయేది.

ఆగయ్య గనిలో మైనింగ్ సర్దారుగా చేశాడు. షిఫ్టు దిగకముందే పని జాగాలన్నీ తిరిగి, నెత్తి మీది కప్పును కర్రతో కొట్టి వినడం సర్దారు డ్యూటీ. ఖంగుమంటే మంచి కప్పు. డొల్లగా పలికితే ఒక్క మనిషిని కూడా లోపలికి పోనివ్వకూడదు. ఆగయ్య రిటైరై పన్నెండేళ్లయినా ఆ కర్రను వదల్లేదు. ఎవరింటికి పోయినా గడప దాటే ముందు కప్పు కొట్టి వింటాడు. పెళ్లిళ్లకు పోయినా అంతే. “సర్దారు సంతకం వెట్టిండు, ఇగ లోపలికి రాండ్రి” అని జనం ఆటపట్టిస్తారు. అతను మాత్రం ఎన్నడూ నవ్వలేదు.

పరదా మీద సినిమాలన్నీ చివరిదాకా నడుస్తాయి, శనివారం వచ్చే సినిమా తప్ప. అందులో టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఖూనీ చేసినవాడి కోసం ఊరంతా వెతికి వెతికి, మూడో అంతస్తు ఎక్కి, ఒక గది తలుపు పిడి మీద చెయ్యి వేస్తాడు. అంతే, బొమ్మ పోయి తెల్లటి బట్ట మిగులుతుంది. నలభై ఏళ్ల కిందట క్లబ్బులో ఈ సినిమా నడుస్తుండగా సరిగ్గా అక్కడే గని సైరన్ మోగింది. ముందున్నవాళ్లూ, వెనకున్నవాళ్లూ అందరూ గనికి ఉరికారు. రెండో షిఫ్టులో మూడో జాగాలో కప్పు కూలింది. నర్సింగం కాలు పోయింది. పక్కనే ఉన్న అతని తమ్ముడు సదయ్య ప్రాణం పోయింది. ఆ రాత్రి సినిమా ముగింపును మనుషులే కాదు, తెర కూడా చూడలేదు.

ఆ జాగాలో సపోర్టు దుంగ కోసి నిలబెట్టింది నర్సింగమే. దుంగ పొట్టిగా ఉండటం వల్లనే కప్పు కూలిందని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు నర్సింగమే అనుకున్నాడు. సదయ్య భార్య సారలమ్మ మూడు గల్లీల అవతలే ఉంటుంది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా అతను ఆమె గడప తొక్కలేదు. దవాఖానలో ఆయాగా చేసి ఆమె కూడా మొన్ననే రిటైరైంది. సోమవారం క్వార్టర్ ఖాళీ చేసి గోదావరి అవతల జైపూర్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోతోంది. పోయేముందు బావ ఒక్కసారి వచ్చి తన చేతి బువ్వ తినాలని కబురు పంపింది.

ఆ శనివారం చాయ్ పోస్తూ సారవ్వ అడిగింది. “పోయొచ్చినవా నర్సన్నా?”

“ఏ మొఖం వెట్టుకొని పోవాలె సారక్కా? తమ్మున్ని మింగిన దుంగ నేను కోసిందేనాయె. ఆమె బువ్వ వెడితె నాకు గొంతుల దిగుతదా?”

ఆగయ్య చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. నర్సింగానికి తెలియనిది ఒకటి అతనికి తెలుసు. ఆ రోజు మొదటి షిఫ్టు అయిపోతుండగా, వచ్చే షిఫ్టు కోసం మూడు జాగాల్లో కప్పు చూడాల్సింది. రెండు చూశాడు. మూడోది దూరం, క్లబ్బు వెనక నేల నిండిపోతుందేమోనని తొందర. బుక్కులో మూడింటికీ సంతకం పెట్టి పైకొచ్చాడు. మొదట నౌకరీ పోతుందన్న భయంతో చెప్పలేదు. తర్వాత నర్సింగం దోస్తయ్యాడు కాబట్టి చెప్పలేకపోయాడు. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది. చేతులున్న కుర్చీ కొనుక్కొచ్చింది కూడా ఆగయ్యే.

సినిమా మొదలైంది. “వాడు చచ్చిపోయే ముందు ఎవరికో ఫోన్ చేశాడట” అని సుబ్రహ్మణ్యం సారు ఎప్పటిలాగే చెప్పుకుపోయాడు. టోపీ మనిషి మెట్లెక్కాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. పరదా తెల్లబడింది. సారవ్వ గ్లాసులు ఏరడానికి లేచింది.

ఆగయ్య పరదాకు వీపు పెట్టి నర్సింగం ముందు నిలబడ్డాడు.

“నర్సన్నా, నీ దుంగ తప్పు లేదే.”

“ఏందన్నా?”

“ఆనాడు నేను మూడో జాగకే రాలే. కప్పుకు కర్ర తాకియ్యలే. బుక్కుల సంతకం వెట్టి జల్ది జల్ది పైకొచ్చిన, ఈ బొమ్మ కోసం. కొడితె డొల్ల చప్పుడు ఇనవడుతుండె. మిమ్ముల లోపలికి పోనియ్యకపోతుంటి. అసొంటి కప్పుకు ఏ దుంగ ఆగుతదే?”

సారవ్వ చేతిలో గ్లాసులు అలాగే ఉండిపోయాయి. ఆగయ్య వీపు వెనక పరదా మీద పిడి మెల్లగా తిరిగింది.

“తెరుచుకుంది! తలుపు తెరుచుకుందండీ!” సుబ్రహ్మణ్యం సారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “లిఫ్టు వాడు! లిఫ్టు నడిపేవాడే చంపేశాడు! నేను చెప్పలేదూ?”

“సార్, జెర ఊకోండ్రి” అంది సారవ్వ.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. సినిమా చివరిదాకా నడిచింది, కానీ ఆ ఇద్దరూ అటు చూడలేదు. నర్సింగం తన అరచేతులకేసే చూస్తున్నాడు.

“నలభై ఏండ్లు” అన్నాడు. “నలభై ఏండ్లు నా పక్కకే కూసున్నవ్.”

“అవ్.”

“నా బిడ్డ లగ్గానికి పందిరేసినవ్.”

“అవ్ నర్సన్నా.”

నర్సింగం కుర్చీ చేతులు పట్టుకుని లేచి, చంక కర్ర అందుకుని మెట్లు దిగాడు. సాయం పట్టే ధైర్యం ఆగయ్యకు లేకపోయింది. రేపటి నుంచి ఈ కుర్చీ ఖాళీయేనని అనుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. గేటు దాటితే నర్సింగం ఇల్లు ఎడమ పక్క. అతను ఎడమకు తిరగలేదు.

“కర్ర తీస్కో” అన్నాడు వెనక్కి చూడకుండా.

“ఏడికి?”

“సారలమ్మ తానికి. నాకు చెప్పినట్టె ఆమెకు గూడ చెప్పాలె. నిన్ను తిట్టాల్నా, కొట్టాల్నా అన్నది తర్వాత సోంచాయిస్త.”

సారలమ్మ ఇంటి ముందు కట్టిన మూటలు వరుసగా ఉన్నాయి. బావను చూసి ఆమె నెత్తిన కొంగు వేసుకుని తలుపు పూర్తిగా తెరిచింది. లోపల అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. నర్సింగం గడప దగ్గరికొచ్చి ఆగిపోయాడు. చంక కర్ర ముందుకు పడలేదు.

“ఆగు” అన్నాడు ఆగయ్య.

అతను ముందుగా లోపలికి అడుగుపెట్టి, కర్ర ఎత్తి కప్పును కొట్టాడు. ఈ మూల, ఆ మూల, మధ్యలో, పొయ్యి పైన, ఒక్క జాగా కూడా విడవకుండా కొట్టి ప్రతిసారీ తల వంచి విన్నాడు. ఎవరూ నవ్వలేదు. అన్ని చోట్లా ఖంగుమంది.

“రా, నర్సన్నా” అని చెయ్యి చాపాడు.