బోసి గుమ్మం

గుడ్లు కొట్టీ కొట్టీ ఎతెల్వీనా వేళ్లు జిగురు పట్టాయి. పచ్చసొనంతా ఫాదిరీగారికి పెట్టే కేకులోకి, తెల్లసొన మటుకు రాత్రికి తన కంచంలోకి. పెళ్లయినప్పటినుంచీ ఈ ఇంట ఈస్టరు చాకిరీ అంతా ఆమె రెక్కలదే, పేరు అత్తగారు యూఫ్రాసియమ్మది. "గుమ్మంలో సోపాకూ పూలూ ఒత్తుగా చల్లు కోడలా. ఈ ఏడు ఫాదిరీగారితో ఇంటింటికీ శిలువ మోసుకొచ్చేది నా చిన్నకొడుకు" అని పొద్దుటినుంచీ ఆవిడ ఒకటే సతాయింపు.

ఆ చిన్నకొడుకు అనక్లేతో. ఎతెల్వీనా చెల్లెలు లియొకాదియాని పెళ్లాడతానని నమ్మించి, కడుపు చేసి, ద్రాక్షతోటలున్న పిల్ల దొరగ్గానే చర్చిలో ఉంగరాలు మార్చుకున్న మహానుభావుడు. లియొకాదియా ఇప్పటికీ వాడినే తలుచుకుంటుంది, పిచ్చిమొహం. వీధి చివరి గదిలో పసిదాన్ని పక్కలో వేసుకుని జ్వరంతో మూలుగుతోంది. నిన్న గంజి పట్టుకెళ్తే, "శిలువ మా ఇంటికీ వస్తుందా అక్కా? ఒక్కసారి ముద్దుపెట్టుకుంటే చాలు, తర్వాత పోయినా పర్వాలేదు" అంది.

ఆ మాటే మొగుడు ఎర్మీనియో చెవిన వేస్తే, బూట్లు తుడవమని కాళ్లు చాపి, "మగాడన్నాక కాలు జారుతుంది. బుద్ధి ఆడదానికుండాలి. ఫాదిరీగారు ఆ గడప తొక్కనన్నారు, నువ్వు నోరు మూసుకో" అన్నాడు. ఎతెల్వీనా నోరు మూసుకునే బూట్లు తుడిచింది. ఇన్నేళ్లూ మూసుకుని మూసుకుని ఆ నోరు చేదెక్కింది. కాలు జారినవాడి చేతికి శిలువ, కన్నదానికి వెలి. ఏం న్యాయం ఇది, వీళ్ల మొహాలు మండ.

గంట మోగింది. శిలువ వీధి మలుపు తిరిగింది. ఈ మిన్యో సీమ ఊళ్లలో పూలు పరిచిన గుమ్మంలోకే శిలువ వస్తుంది, బోసి గుమ్మమైతే దాటిపోతుంది. ఎతెల్వీనా గుమ్మంలో చల్లిన పూలన్నీ ఊడ్చి, నడుముకి కట్టుకున్న గుడ్డలోకి ఎత్తుకుంది.

"ఎక్కడికే అవన్నీ? మతిగానీ పోయిందా?" అంది అత్తగారు.

ఎతెల్వీనా గుమ్మం దిగింది. దారి పొడుగునా చల్లుకుంటూ పోయి, మిగిలినవి చెల్లెలి గడపలో కుమ్మరించింది. తలుపు బార్లా తీసి, పసిదాన్ని ఎత్తుకుని నిలబడింది.

ఊరంతా వెంట నడుస్తుండగా వచ్చాడు అనక్లేతో, వెండి శిలువ పట్టుకుని. కన్నతల్లి గుమ్మం బోసిగా ఉంది. పూలదారి వీధి చివరికి పోతోంది. ఫాదిరీగారు దగ్గారు. అనక్లేతో కాలు కదపలేదు.

"ఇటు రండి మరిదిగారూ" అంది ఎతెల్వీనా, అందరికీ వినపడేలా. "మీ ఇంటి పూలు ఇక్కడున్నాయి. శిలువ కాస్త కిందికి వంచండి, ముందు మీ కూతురు ముద్దుపెట్టుకుంటుంది."