శిరివెళ్ల దాటినా

నంద్యాల చుట్టుపక్కల ఏ గోడ చూసినా "బోరు మోటార్లు రిపేరు చేయబడును – తౌఫీక్" అని, దాని కింద సెల్ నంబరు కనిపిస్తుంది. ఆ తౌఫీక్ కువైట్ వెళ్లి నెలలు గడిచాయి. గోడలకు ఆ సంగతి తెలియదు. తెలియజేసే ఉద్దేశం అతనికీ లేదు. తిరిగొచ్చేసరికి నంబరు ఇంకొకరి పాలైతే పేరు మట్టిలో కలుస్తుందట. అందుకని రోమింగు వేయించుకుని మరీ ఆ ఫోను జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

మోటారు కాలిన రైతు ఎవరు ఫోన్ చేసినా అతని జవాబు ఒక్కటే: "వస్తాండా అన్నా, శిరివెళ్ల దాటినా." శిరివెళ్ల నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో వచ్చే ఊరు. నంద్యాల దుకాణంలో టీ తాగుతూ ఈ మాట అనడం వృత్తిధర్మం. కువైట్‌లో మిద్దెనెక్కి ఏసీ విప్పుతూ అనడం మాత్రం ప్రతిభ. అవుకు నుంచి ఫోనొచ్చినా ఇదే మాట. అవుకుకు ఎవరూ శిరివెళ్ల మీదుగా పోరు, కానీ అలవాటైన నాలుకకు దారులతో పనేముంది? ఆ తర్వాత దుకాణం చూసుకునే చిన్నాన్న కొడుకు షాహిద్‌కు ఫోన్ చేసి వెళ్లమంటాడు. షాహిద్ బుద్ధి పుడితే వెళతాడు.

ఆళ్లగడ్డ రైతు భాస్కరయ్య మడి ఎండుతుంటే రోజూ ఇదే మాట విన్నాడు. చివరికి విసుగొచ్చి, "అది శిరివెళ్లనా, సముద్రమా? ఎన్నిసార్లు దాటుతావప్పా?" అని అడిగాడు. తౌఫీక్ నొచ్చుకున్నాడు.

తౌఫీక్ భార్య సుమయ్యా తొలి కాన్పుకు ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉంది. బీపీ ఎక్కువగా ఉంది, నొప్పులు మొదలైతే ఆలస్యం చేయకుండా నంద్యాల తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంబులెన్సు సంగతి ఎత్తితే తౌఫీక్ ఒప్పుకోలేదు. సొంత వ్యాను ఉన్న ఇంటికి అంబులెన్సు రావడం నామోషీ. వ్యాను నంద్యాలలో షాహిద్ చేతిలో ఉంది.

ఒక మధ్యాహ్నం అత్త ఖాజాబీ ఫోన్ చేసింది. "నొప్పులొచ్చి శానా సేపాయె. కళ్లు తిరుగుతాండాయంటాది. షాహిద్‌కు ఎప్పుడో చెప్పినాం, ఇంకా రాలే."

తౌఫీక్ షాహిద్‌కు ఫోన్ కలిపాడు. "యాడుండావ్ రా?"

"వస్తాండా భాయ్, శిరివెళ్ల దాటినా."

వెనక నుంచి దుకాణంలో మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ మిషన్ తిరుగుతున్న చప్పుడు వినబడింది.

తౌఫీక్ విప్పుతున్న ఏసీని వదిలేసి మిద్దె మీదే కూర్చున్నాడు. ఆ మాటకు అర్థం భూమ్మీద అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తిడదామని నోరు తెరిచాడు. నేర్పిన గురువు తనే అయినప్పుడు ఏమని తిడతాడు? ఆళ్లగడ్డలో కారున్న మనిషి ఎవరని ఫోన్లో వెతికితే భాస్కరయ్య పేరు దొరికింది.

"అన్నా, నేను కువైట్‌లో ఉండా."

"తెలుసులే. నా మోటారు బాగుచేసిన ఇంకో మెకానిక్ చెప్పె. శిరివెళ్ల బాగా దూరమే దాటినావ్."

తౌఫీక్ సుమయ్యా సంగతి చెప్పాడు.

"ఇల్లు యాడ?" అని అడిగి భాస్కరయ్య ఫోన్ పెట్టేశాడు.

తౌఫీక్ ఎండలోనే కూర్చుని ఫోన్ వైపు చూస్తూ ఉన్నాడు. అది మోగేసరికి ప్రాణం లేచివచ్చింది.

"శిరివెళ్ల దాటినాం," అన్నాడు భాస్కరయ్య.

"నిజంగా దాటినారా అన్నా?"

"నేనేమన్నా మోటార్ల మెకానిక్‌నా?"

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. షాహిద్ వ్యాను ఆ తర్వాతే ఆళ్లగడ్డ చేరి, ఇంటికి తాళం చూసి వెనక్కు తిరిగింది.

సుమయ్యా నీరసంగా ఫోన్ అందుకుంది. "బిడ్డ అడుగుతాండాది. నాయన యాడిదాకా వచ్చినాడంట?"

పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తౌఫీక్ దాన్ని మింగాడు.

"యాడికీ రాలేదు సుమయ్యా," అన్నాడు. "ఈడనే ఉండా."