పొడి అని రాసిన పుస్తకం

ఆ ఊళ్ళో మంగలి దుకాణంలో రెండు కుర్చీలుండేవి. గోల మొదలయ్యాక ఒకటి "రానీ" అనేవాళ్ళదీ, ఒకటి "వద్దు" అనేవాళ్ళదీ అయిపోయింది. పొరపాటున అవతలి కుర్చీలో కూర్చున్నవాడికి సగం గడ్డం గీసి, అప్పుడు వాదన ఎత్తుకునేవాడు మంగలి. మిగతా సగం కోసం ఎవడైనా ఒప్పుకోక చస్తాడా! నవ్వులాటకి బాగానే ఉంది గానీ, ఊరు నవ్వింది అంతవరకే. తర్వాత తోడికోడళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేశారు. బడిలో పంతుళ్ళు వేరువేరు బల్లల దగ్గర తింటున్నారు.

గోల దేనికంటే, అణు కరెంటు కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని ఎక్కడ పాతిపెట్టాలి అని. మనింట్లో పొయ్యి ఆరాక బూడిద ఎత్తి పారబోస్తాం. ఇదీ బూడిదే, కాకపోతే లక్ష ఏళ్ళకి గానీ చల్లారని బూడిద. దగ్గరికి పోతే ఒళ్ళు కాలదు, లోపల్లోపల ఎముకలు పుచ్చిపోతాయి. ఏడు ఊళ్ళు మాకొద్దంటే మాకొద్దన్నాయి. ఆఖరికి అధికారుల చూపు ఈ ఊరి సీసం గని మీద పడింది. గని మూతపడి నాలుగేళ్ళు. పనుల్లేక కుర్రకారంతా మేడి మీద కాకుల్లా అరుగుల మీద కూర్చుని ఉన్నారు. "మీ గని లోతుగా ఉంది, గట్టిగా ఉంది, అన్నిటికీ మించి పొడిగా ఉంది. నీరు తగలనంతవరకు ఈ సరుకు ఎవరి జోలికీ రాదు" అన్నారు అధికారులు.

పొడిగా ఉందని వాళ్ళకెలా తెలుసు? పుస్తకం చెప్పింది. గని ఆఫీసు బీరువాలో ముప్పై ఒక్క ఏళ్ళ రిజిస్టర్లు దొరికాయి. గని అడుగున నీళ్ళు చేరే గుంట ఉంటుంది, సంపు అంటారు. దాన్ని రోజూ కొలిచి రాసిన పుస్తకాలవి. ప్రతి రోజుకీ ఒకటే మాట. పొడి. పొడి. పొడి. పక్కన ఒకటే సంతకం.

ఆ సంతకం దీపాలమ్మ తమ్ముడిది.

దీపాలమ్మ అంటే గనిలో దీపాల గది చూసిన మనిషి. కిందికి దిగే ప్రతివాడికీ టోపీకి తగిలించుకునే దీపం ఇచ్చి, వాడి నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని మేకుకి తగిలించేది. పైకొచ్చాక బిళ్ళ వాడిది వాడికిచ్చి దీపం పుచ్చుకునేది. సాయంత్రానికి మేకు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి కింద ఉన్నట్టు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ పని చేసింది. చదువు నాలుగో తరగతి. నంబరు చెబితే మనిషిని, మనిషిని చెబితే వాడి తాత దగ్గే దగ్గునీ చెప్పేది.

మునిసిపల్ హాలులో అధికారులు బొమ్మలూ పటాలూ పెట్టారంటే అందరితో పాటు తనూ వెళ్ళింది. గోడంత పేజీ ఒకటి అతికించారు. తమ్ముడి గుండ్రటి అక్షరాలు అరచేయంత పెద్దవి చేసి, పైన "ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క చుక్క లేదు" అని రాశారు. చూడగానే ఫక్కున నవ్వొచ్చింది ఆవిడకి. ఒక్క చుక్క లేదా? మరి ఇరవై తొమ్మిదేళ్ళు దీపాలు చార్జి చేసే అర మీద వీడి తడి మేజోళ్ళు ఆరేసింది ఎవరు?

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడర్థమైంది వీళ్ళు ఏం పొరబడ్డారో.

సంగతేమిటంటే, గని పుస్తకం ఊటల లెక్క కోసం కాదు, పనివాళ్ళ కోసం. మొదటి షిఫ్టు ఆరింటికి దిగేది. పంపు మనుషులు నాలుగింటికే దిగి రెండు గంటలు పంపు వేసి, సంపు అడుగు కనబడేదాకా తోడేసేవాళ్ళు. అప్పుడు కొలిచేవాళ్ళు. దిగేవాడి కాలికి నీళ్ళు తగులుతాయా లేదా అన్నదే ఆ గడిలో రాయాల్సింది. తగలవు. అందుకని పొడి. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. దిగే వాడికి అది ప్రాణం నిలబెట్టే మాట. ముప్పై ఏళ్ళ తర్వాత బల్ల ముందు కూర్చుని చదివినవాడికి ఊటే లేదని అర్థమైంది. తమ్ముడితో పనిచేసిన ఇద్దరు పంపు మనుషులూ సీసం దుమ్ము తిని ఎప్పుడో పోయారు. ఇక ఈ సంగతి తెలిసింది అక్కకీ తమ్ముడికీ మాత్రమే.

హాలు నుంచి ఆ కాళ్ళనే తమ్ముడింటికి వెళ్ళింది. గని మూతపడ్డా కంపెనీ వాళ్ళు అతన్ని కాపలాకి ఉంచారు. ఇప్పటికీ పొద్దున్నే దిగి పంపు వేసి వస్తాడు. కుర్చీలో కూర్చుని చొక్కాకి బొత్తాము కుట్టుకుంటున్నాడు.

"ఏరా, గోడకెక్కావే!" అంది.

"చూశావా అక్కా? నా అక్షరాలు బాగుంటాయని నువ్వేగా అనేదానివి."

"అక్షరాలకేం, ముత్యాలే. పంపు సంగతి చెప్పావా వాళ్ళకి?"

సూది ఆగింది. "వాళ్ళు అడగలేదు."

"అడగలేదని ఊరుకున్నావా?"

"ఈ సంతకం మీదేనా అని అడిగారు, నాదే అన్నాను. పంపు చూశారు. రాయి తొలిచేటప్పుడు పోసే నీళ్ళ కోసమేమో అని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు, అవుననలేదు."

"వాళ్ళు చూడ్డానికి దిగిన రోజున?"

"ముందే తోడేశాను. చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమా?"

మరదలు తలుపు దగ్గరికొచ్చింది. "వదినా, నీకు దణ్ణం పెడతాను, ఈ ముచ్చట ఇక్కడితో వదిలెయ్. మావాడికి అక్కడ పని ఇస్తామని మునిసిపల్ చైర్మన్ గారు నోటితో అన్నారు. ముప్పై ఏళ్ళొచ్చాయి వాడికి, ఇంకా వాళ్ళ నాన్న చొక్కాలు తొడుక్కుంటున్నాడు."

"మరి రేపు నీళ్ళలో ఆ బూడిద కలిస్తే, చొక్కా తొడుక్కోడానికి ఒళ్ళుండాలిగా అమ్మాయ్!"

"పెద్ద పెద్ద చదువులవాళ్ళకి లేని బాధ నీకెందుకు?"

"వాళ్ళెవరూ మేజోళ్ళు పిండలేదుగా."

తమ్ముడు నోరు తెరిచాడు. "అక్కా, భయంగా ఉంది. పదకొండు వేల సంతకాలు. ఇప్పుడు నీళ్ళున్నాయంటే ఇన్నాళ్ళూ దొంగ రాతలు రాశావా అంటారు. జైల్లో పెడతారు. పుట్టి బుద్ధెరిగాక నన్ను గారూ అని పిలిచింది ఈ మూడు నెలలేనే." బొత్తాము దారం తెంపి అన్నాడు. "ఊరిని అడగడానికి సభ పెడుతున్నారుగా, అందులో నేనే చెబుతా. నువ్వు మాత్రం లేవకు. నువ్వు లేస్తే అక్క చెబితే గానీ నిజం చెప్పని వాణ్ణవుతా. ఒట్టెయ్యి."

వేసింది. ఏం చేస్తుంది, చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించిన తమ్ముడు.

సభ రోజున హాలులో సూది దూరే సందు లేదు. రానీ వాళ్ళు ఎడం వైపు, వద్దు వాళ్ళు కుడి వైపు. పెళ్ళిలో కూడా అంత కచ్చితంగా సర్దుకోరు. వేదిక మీద చైర్మన్, పక్కన రాళ్ళ పరీక్షలు చేసే అమ్మాయి. ఊరంతా రాళ్ళమ్మాయి అనేది. పేరు రాయించుకున్నవాళ్ళకే మైకు, మూడు నిమిషాలు. దీపాలమ్మ ఒట్టుకి కట్టుబడి పేరు రాయించలేదు.

"మా పిల్లల కడుపు కొట్టకండి" అని ఎడం వైపు ఒకడు.

"పిల్లలుంటేగా కడుపు!" అని కుడి వైపు ఒకావిడ.

"నువ్వు కరెంటు వాడవా తల్లీ? దీపం పెట్టుకోవా?"

"వాడతా. అన్నం కూడా తింటా, అలాగని మరుగుదొడ్డి నట్టింట్లో కట్టుకోను!"

హాలంతా ఘొల్లుమంది. చైర్మన్ కూడా నవ్వి, తమ్ముణ్ణి పిలిచాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ కొలిచిన మనిషి. చెప్పండి, ఈ పుస్తకంలో రాసింది నిజమేనా?"

తమ్ముడు మైకు పట్టుకున్నాడు. కొత్త చొక్కా. నుదుటి మీద చెమట. "నిజమేనండి."

"అబద్ధం ఒక్కటైనా ఉందా?"

"లేదండి."

ఇక చెబుతాడని దీపాలమ్మ ఎదురుచూసింది. అతని పెదవులు కదిలాయి. ఎడం వైపు చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో అతను మైకు కింద పెట్టి, అక్క వైపు చూడకుండా, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఆవిడ లేచింది. పేరు రాయించలేదని ఎవడో చెయ్యి అడ్డం పెట్టాడు. మైకు అవసరమా ఆవిడకి! గని సైరన్ కూతని మించి కేకేసి మనుషుల్ని పిలిచిన గొంతు.

"ఒరే తమ్ముడూ! పంపు ఎన్నింటికి వేసేవాడివిరా?"

అతను మెట్టు మీద ఆగిపోయాడు.

"కొలిచేది ఎప్పుడురా? ముందా, తర్వాతా?"

అతను చాలాసేపు ఆ కొత్త చొక్కా అంచు పట్టుకుని నలిపాడు. ఆఖరికి, "నాలుగింటికి వేసేవాణ్ణి. తోడేశాక కొలిచేవాణ్ణి" అన్నాడు. మైకు లేకపోయినా వెనక వరసదాకా వినబడింది.

రాళ్ళమ్మాయి గబగబా కాగితాలు తిరగేసింది, మళ్ళీ తిరగేసింది. చైర్మన్ దగ్గాడు. "పెద్దవయసు, జ్ఞాపకాలు అటూ ఇటూ అవుతుంటాయి. రాతపూర్వకంగా ఇస్తే..."

"రాత ఎందుకు బాబూ? ఐదు రోజులు పంపు ఆపి, దిగి చూడండి" అంది దీపాలమ్మ.

కాదనడానికి వీల్లేకపోయింది. పంపు ఆపారు.

ఆ ఐదు రోజులూ తమ్ముడు గడప దాటలేదు. రానీ వాళ్ళు ఇంటి మీద రాయి విసిరారు, నోటి ముందు కంచం లాగేశాడని. వద్దు వాళ్ళు ఇంకో రాయి విసిరారు, ముప్పై ఏళ్ళు కళ్ళకు గంతలు కట్టాడని. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా అయింది అతని బతుకు. అక్క వెళ్ళి తలుపు తడితే మరదలు లోపలి నుంచే, "ఆయన పడుకున్నారు" అంది. మిట్టమధ్యాహ్నం. ఆవిడ అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు తట్టలేదు, ఊరికే కూర్చుంది.

ఆరో రోజు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అధికారులు దిగారు. పంపు దాటి దారి తెలిసినవాడు అతనొక్కడే మరి. సరుకు పెట్టాలనుకున్న గదుల్లో నీళ్ళు నడుము లోతు. రాళ్ళమ్మాయి తడిసిన బట్టలతోనే దీపాలమ్మ ఇంటికొచ్చి, ముక్కాలి పీట మీద కూలబడింది.

"నేను కొలవాల్సింది అమ్మమ్మా. గోడలు చూశాను, కప్పు చూశాను. కింద నీళ్ళ సంగతి పుస్తకం చెప్పింది నమ్మాను. ఉన్నదున్నట్టు రాసి పంపుతున్నాను."

"రాయి తల్లీ. ఇంక ఇక్కడ పెట్టరుగా?"

ఆ పిల్ల లేచి, గుమ్మంలో తడి అంచు పిండుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కముందే ఆమెను వేరే చోటికి మార్చారు.

కౌన్సిల్ కూర్చుంది. నీళ్ళ సంగతి తేలిపోయింది, దానికి మందు కూడా దొరికింది అన్నారు. పంపులు పెడతారట. ఒకటి కాదు ఆరు, కొత్తవి, పగలూ రాత్రీ ఆగకుండా. "ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క పంపుతో పొడిగా ఉంచారు. అంటే ఉంచవచ్చని రుజువైనట్టేగా!" అన్నాడు చైర్మన్. సరుకు రానీ అని తొమ్మిది చేతులు లేచాయి, ఆరు లేవలేదు.

దీపాలమ్మ వెనక వరసలో నిలబడి వేళ్ళు ముడుచుకుంటూ లెక్క వేసింది. ఒక మనిషి ముప్పై ఏళ్ళు వేస్తాడు. నూరేళ్ళకి ముగ్గురు. వెయ్యికి ముప్పై ముగ్గురు. లక్షకి... వేళ్ళు చాలలేదు. "అంతమంది తమ్ముళ్ళని ఎక్కణ్ణించి తెస్తారు బాబూ?" అని అడిగింది. అప్పటికే కుర్చీలు మడుస్తున్నారు. ఊడ్చే ఆవిడ ఒక్కతే విని, చీపురు ఆపి చూసింది.

ఆ సాయంత్రం తమ్ముడింటి తలుపు తెరిచే ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. వెళ్ళి గోడవారగా కూర్చుంది.

తండ్రీ కొడుకులు బల్ల దగ్గర ఉన్నారు. "అత్తా, నాకు పంపు పని ఇచ్చారు" అన్నాడు మేనల్లుడు. సంతోషించాలో ఏడవాలో తెలియని మొహం వాడిది.

తమ్ముడు తలెత్తలేదు. తెల్ల కాగితం మీద గని గీస్తున్నాడు. అడుగు గది, పడమటి సొరంగం, విరిగిన మెట్లు. నీరు ఊరే ప్రతి చోటా ఒక చుక్క పెట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాస్తున్నాడు. ఇది ఎండాకాలం కూడా ఆగదు. ఇది వానలకి రెట్టింపు. ఇక్కడ చెయ్యి పెట్టకు, అంచు ఊడుతుంది.

"పడమటి సొరంగంలో బండ కింద ఒకటుంది కదరా, నీ బూటు ఊడిపోయిన చోటు" అంది అక్క.

తమ్ముడు పెన్ను అటు జరిపి అక్కడొక చుక్క పెట్టాడు.

కాగితం నిండిపోయింది. అతను వెనక్కి తిప్పి చూశాడు, అటూ నిండింది. పెన్ను చేతిలోనే ఉంచుకుని, "ఇంకో కాగితం ఇవ్వవే" అని భార్యని అడిగాడు.