రెండో సంతకం

మా అమ్మకు ఎడమ చెవి అసలు వినపడదు. కుడి చెవి ఆమె ఇష్టాన్ని బట్టి వినపడుతుంది. ఆ రోజు సర్జన్ ఫోన్ చేస్తే ఎత్తింది ఆమే. మీ పెద్దబ్బాయి మెడ మీద గడ్డ తీసెయ్యాలి, వారం కూడా ఆగొద్దు అన్నాడట ఆయన. అమ్మ చెవిలో ఒక సున్నా అదనంగా పడింది. నేను పని నుంచి వచ్చేసరికి అన్నయ్య ఇరవై ఏళ్ల గడ్డం బేసిన్‌లో ఉంది, అన్నయ్య అద్దం ముందు ఉన్నాడు. దవడ కింద నిమ్మకాయంత వాపు. గడ్డం ఉన్నన్నాళ్లూ దాచి, పోతూ పోతూ బయటపెట్టింది.

తువ్వాలు అందించబోయిన వదిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇంత పెరిగితే నాకెందుకు చెప్పలేదని అడిగింది. అన్నయ్య తేలిగ్గా నవ్వేశాడు. ఏడు నెలల కిందట గడ్డలో సూది గుచ్చి కాస్త తీసి పరీక్షకు పంపారు, ఏమీ లేదని వచ్చింది. మొన్న దగ్గు తగ్గడం లేదని ఎక్స్‌రేకి వెళ్తే ఈ సర్జన్ తగులుకున్నాడు.

"ఆయనో కంగారు మనిషి. రిపోర్టు మీద మావాడి సంతకం ఉంది. ఇంకేం కావాలి?"

మావాడంటే నేను.

ల్యాబులో నేను రెండో కన్నుని. ఒంట్లోంచి తీసిన కణాలను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో ముందు మా పెద్ద డాక్టరు, పెద్దాయన, చూస్తాడు. ఆయనేం రాశాడో చూడకుండా తర్వాత నేను చూడాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే రిపోర్టు. పెద్దాయన తప్పు చేయగా ఎవరూ చూడలేదు. నిజమే, చూడాల్సింది నేనే కదా. మొదట్లో చూసి సంతకం చేసేవాణ్ణి, తర్వాత సంతకం చేసి చూసేవాణ్ణి, పోగా పోగా సంతకం ఒక్కటే మిగిలింది. ఆధారాలు చూడాల్సినవాణ్ణి, ఆధారపడటం నేర్చుకున్నాను. ఇంట్లో మాత్రం వదిన వంకాయలు లేతవంటే కూడా రుజువు అడిగేవాణ్ణి.

పలకల మీద అంకెలే తప్ప పేర్లుండవు. అన్నయ్య రిపోర్టు తెచ్చి చూపించినప్పుడే అది మా దగ్గరికొచ్చిందని తెలిసింది. నువ్వే చూశావా అని అడిగాడు. నేనే అన్నాను. గట్టిగా కూడా అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పాత పెట్టెలు దింపాను. పలక దొరకడానికి పది నిమిషాలు పట్టింది. జబ్బు దొరకడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఏమీ దాక్కోలేదు. జబ్బు కణాలు పెళ్లి ఫోటోలో చుట్టాల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి, నల్లగా, నాకేసే చూస్తున్నాయి.

పెద్దాయన వచ్చి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నువ్వు చూస్తావు కదా అని, నేను పైపైన..." అన్నాడు.

"మీరు చూశారు కదా అని, నేను..." అన్నాను.

ఆయనకు నేను రుజువు, నాకు ఆయన రుజువు. మధ్యలో పలక ఒక్కటే ఎవరికీ అక్కర్లేకపోయింది.

అక్కణ్నుంచి సర్జన్ దగ్గరికెళ్లాను. ఏడు నెలల కిందటైతే జబ్బు గడ్డతోనే పోయేది అన్నాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగింది. గడ్డ తీసేది గొంతుకు అడ్డం పడకుండా ఉండటానికే, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. అంత ఖాయంగా ఎలా చెప్తారని అడిగాను. ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి, నన్నే చూసుకోమన్నాడు. ఈసారి చూశాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అందరూ భోజనాల దగ్గరున్నారు. గడ్డం తీశాక మళ్లీ ఆస్పత్రి ఎందుకని అమ్మ వాదిస్తోంది. వెళ్లి ఆమె కుడి చెవి పక్కన కూర్చున్నాను.

"గడ్డం కాదమ్మా. గడ్డ. మెడ మీదిది."

అన్నయ్య పొలమారేలా నవ్వాడు. అదేమీ లేదని రాశారుగా అంది అమ్మ.

"రాశారు. నేను చూడలేదు. చూడకుండా సంతకం చేశాను. జబ్బు అప్పుడే ఉంది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్లింది."

అన్నయ్య నవ్వు ఆపి, లేని గడ్డాన్ని నిమురుకున్నాడు.

"నువ్వే చూశానన్నావు కదరా," అన్నాడు, మెల్లగా.

"అబద్ధం చెప్పానన్నయ్యా."

వదిన చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. అమ్మ చెవి ఇంకా దగ్గరికి తెచ్చింది.

"ఏమన్నావురా? సరిగ్గా వినపళ్లేదు."

వీధిలోకి వినపడేలా మళ్లీ మొదటినుంచి చెప్పాను.