క్లోజప్‌లో చేతులు

“వాడి చేతులు చూశావా అమ్మా, ఎలా పగిలిపోయాయో!” అంది అత్తగారు, తన ఫోను నా ముఖానికి అడ్డంగా పెట్టి.

నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను. ఫోనులో ఆవిడ కొడుకూ గిన్నెలే తోముతున్నాడు. కిటికీలోంచి ఏటవాలుగా పడే పొద్దుటి వెలుగు, నురగ మీద మెరుపు, ఆ నురగలోంచి పైకి తేలే రెండు చేతులు. కణుపుల దగ్గర చర్మం బీటలు వారి ఉంది. బొటనవేలి పక్కన మానని కత్తి గాటు. ఆవిడ కళ్లు తుడుచుకుని చేతిసంచిలోంచి ఆయింట్‌మెంటు ట్యూబు తీసింది. మోకాళ్ల నొప్పులతో మందుల షాపుదాకా నడిచి వెళ్లి తనే కొనుక్కొచ్చిందట. నాకోసమేననుకుని తడిచెయ్యి చాపాను. “నీక్కాదమ్మా, వాడికి. పడుకునేముందు గుర్తుచేసి రాయించు. పనిలో పడితే వాడికి ఒంటి మీద ధ్యాసే ఉండదు” అని ట్యూబు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

వీడియోలో ఆ చేతులు నావి.

మా ఆయన ఛానెల్ పేరు ‘ఇంటాయన’. ఇంటిపనంతా నవ్వుతూ చేసే భర్త. ఊడుస్తాడు, ఇస్త్రీ చేస్తాడు, కూరగాయలు తరుగుతాడు. నిజానికి పూచికపుల్ల తీసి అవతల పెట్టే మనిషి కాదు. కత్తి ఏ సొరుగులో ఉంటుందో కూడా తెలియదు. అందుకని ముఖం ఆయనది, చేతులు నావి. ఆయన చొక్కాలాంటిదే నేనూ ఒకటి తొడుక్కుని, దాని చేతులు మణికట్టుదాకా దించుకుని, కెమెరాని స్టాండు మీద చేతులవైపు వంచి పెట్టి పని చేస్తాను. తరవాత కూర్చుని రెండూ కలుపుతాను. ముఖం చూపించి, చేతులు చూపించి, మళ్లీ ముఖం చూపిస్తే మధ్యలో అతుకు ఎవరికీ కనబడదు. చూసేవాళ్లే ఆ రెంటినీ కలిపి ఒక మనిషిని తయారు చేసుకుంటారు. కెమెరాని ఆయన కళ్లకంటే బెత్తెడు కిందకి పెడితే పెద్దమనిషి తరహా వస్తుంది. వెనకాల వంటిల్లు కాస్త మసకబారిస్తే, లోకంలో ఈయనొక్కడే ఉన్నట్టుంటుంది. నవ్వు పూర్తయ్యాక కూడా ఒక్క క్షణం ఆగి కట్ చేస్తే ఆడవాళ్ల కళ్లు చెమరుస్తాయి. పెళ్లికి ముందు సినిమాల్లో కెమెరా అసిస్టెంటుగా పనిచేసి నేర్చుకున్న విద్య ఇది. “ఆడపిల్ల కెమెరా మోసుకుంటూ ఊళ్లు తిరగడమేమిటి” అని అప్పట్లో మామగారు మాన్పించారు. అదే కెమెరా వంటింట్లోకి వచ్చాక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

అత్తగారిని చూస్తే నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. బయటివాళ్లు నమ్మారంటే అర్థముంది. ఈవిడ ఇదే ఇంట్లో ఉంటుంది. పక్కగదిలో కూర్చుని, నేను గిన్నెలు తోమే చప్పుడు చెవిన పడుతుండగానే, కొడుకు గిన్నెలు తోమే వీడియో చూసి కుమిలిపోతుంది. నేను పట్టిన వెలుగు ఆవిడ కళ్లనే కప్పేసింది. ఏ పనైనా అందంగా చూపిస్తేనే పని, లేకపోతే అది చప్పుడే కాబోలు.

ఒక్కసారి మాత్రం నేనూ ఫ్రేములో ఉన్నాను. సరదాగా ఉంటుందని మా ఆయన అడిగితే, సోఫాలో కాళ్లు చాపుకుని ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాను. కెమెరాని నేలమీద, నా అరికాళ్ల దగ్గర పెట్టాను. నా పాదాలు ఫ్రేములో సగం ఆక్రమించాయి. దూరంగా, వేలెడంత మనిషై ఆయన చీపురు పట్టుకుని నిలబడ్డారు. తమాషా అనుకున్నాను. ఆ ఒక్క షాటుతో లోకమంతా ఆయన పక్షం చేరిపోయింది. “ఆ మహారాణి కాలు కింద పెట్టదా?” అని ఒకరు. “ఇలాంటిదాన్ని భరిస్తున్నావు, నీకు దండం అన్నా” అని ఇంకొకరు. అవి పోనీలే అనుకోవచ్చు. మా సొంత అక్క ఫోన్ చేసింది.

“మరీ అంత బరితెగింపు పనికిరాదే. పాపం మరిదిగారి చేత ఇల్లు ఊడిపిస్తావా?”

“అక్కా, నువ్వు మా ఇంట్లో నెల్లాళ్లున్నావు కదా. ఆయన చీపురు ముట్టుకోగా ఒక్కరోజైనా చూశావా?”

“అప్పుడు చూళ్లేదనుకో. కానీ వీడియోలో చూశాను కదే!”

నవ్వాను ఆ రోజు. నా పనితనానికి అంతకన్నా మెచ్చుకోలు ఉండదనుకున్నాను. అంత సిగ్గులేకుండా ఎలా నవ్వానో ఇప్పటికీ తెలియదు.

ఆయింట్‌మెంటు వచ్చిన రోజు సాయంత్రమే మాస్టారు ఫోన్ చేశారు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన సినిమా ఛాయాగ్రాహకుడు. ఇన్నేళ్ల తరవాత ఆ గొంతు వినగానే నా ప్రాణం లేచి వచ్చింది.

“మీ గిన్నెల వీడియో చూశానమ్మా. కిటికీ వెలుగుని అలా పట్టినవాడికి మంచి కన్నుంది. కొత్త సినిమాకి రెండో కెమెరా మీద మనిషి కావాలి. మీ ఆయన నంబరివ్వు.”

“అది తీసింది నేను మాస్టారూ. అన్నీ నేనే తీశాను.”

ఆయన హాయిగా నవ్వారు. “ఆలుమగల మధ్య నీదీ నాదీ ఏముందిలే! చివర్లో ఆయన పేరుంది, అందుకని అడిగాను.”

నిజమే. ప్రతి వీడియో చివరా ‘నటన, కెమెరా, కూర్పు: ఇంటాయన’ అని పడుతుంది. ఆ అక్షరాలు టైపు చేసేది కూడా నేనే. సొమ్మొకడిది, సోకొకడిది. భోజనాలయ్యాక మా ఆయనతో చెప్పాను. ఇకమీదట కెమెరా దగ్గర నా పేరు పడాలి, మాస్టారికి ఆ సంగతి మీరే చెప్పాలి, ఆ పని నాకు కావాలి అన్నాను. అంత సూటిగా నేనేదైనా అడగడం పెళ్లయ్యాక అదే మొదటిసారేమో.

ఆయన కోప్పడలేదు. ఆయనెప్పుడూ కోప్పడరు, అదే నా ఖర్మ. “పిచ్చిదానా, నీ పేరేస్తే ఇంటాయనకి విలువేముంది? పెళ్లాం కూడా కష్టపడుతోందని తెలిస్తే మనల్నెవరు చూస్తారు? నువ్వు సోఫాలో ఉంటేనే నేను దేవుణ్ణి. మాస్టారి పని వదులుకోవద్దులే, నేను ఒప్పుకుంటా. నువ్వు పక్కనే నిలబడి ఎటు తిప్పాలో చెప్పు, నేను తిప్పుతా” అన్నారు. నాకేదో కానుక ఇస్తున్నట్టే చెప్పారు. ఆ మాటలంటున్నంతసేపూ వాళ్లమ్మ తెచ్చిన ఆయింట్‌మెంటుని తన నున్నటి చేతులకి తీరిగ్గా రాసుకుంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆయనతో వాదిస్తే వినేది ఆయనొక్కరే. ఆయన్ని నమ్మిన జనం లక్షల్లో ఉన్నారు. వాళ్లని నమ్మించింది నేనే కాబట్టి, చెప్పాల్సింది కూడా వాళ్లకే.

ఆదివారం లైవ్ పెట్టుకున్నాం. అభిమానులతో కబుర్లాడుతూ ఇంటాయన వంట చేస్తాడని వారం ముందునుంచే ప్రచారం. ఏర్పాట్లన్నీ నావే. కిటికీ దగ్గర గట్టు వెనక ఆయన, ఛాతీవరకే కనబడేలా ఒక కెమెరా. గదికి రెండో కొసన బల్ల దగ్గర అదే రంగు చొక్కాలో నేను, నా ఎదురుగా చేతులవైపు వంచిన ఇంకో కెమెరా. నా మోచేతి పక్కన మీట. అది నొక్కితే జనానికి ఆయన ముఖం పోయి నా చేతులు కనబడతాయి, మళ్లీ నొక్కితే ఆయన. చివరిదాకా చూడమని మాస్టారికి పొద్దున్నే కబురు పెట్టాను. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుంది. కొడుకు ఎదురుగానే ఉన్నా ఫోనులోనే చూస్తోంది.

“ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. కానీ ఉల్లిపాయ తరిగేటప్పుడు ఏడిచేది మాత్రం మనమే!” అని ఆయన జోకేశారు. కామెంట్లు వెల్లువెత్తాయి. నేను మీట నొక్కాను. నా చేతులు వచ్చాయి. చకచకా సగం ఉల్లిపాయ తరిగాను. ఇక్కడ మళ్లీ ఆయన ముఖానికి పోవాలి. పోలేదు. కత్తి కింద పెట్టి, కెమెరా పిడి పట్టుకుని, మెల్లగా పైకెత్తాను. వేళ్లు, మణికట్టు, చొక్కా చెయ్యి, భుజం, మెడ. తొందరపడలేదు. మధ్యలో అతుకు ఉందని ఎవరూ అనుకోకూడదు. నా ముఖం ఫ్రేములోకి వచ్చాక ఆపాను.

“నమస్కారం. మీరు సోఫాలో చూసి తిట్టుకున్న మనిషిని నేనే. ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్న చేతులు ఇవి. ఈ వీడియోలన్నీ తీసింది కూడా ఈ చేతులే.”

“కట్ చెయ్” అన్నారు మా ఆయన, పెదవులు కదపకుండా, నవ్వు చెదరకుండా. గుమ్మంలో అత్తగారు ఫోనులోంచి తలెత్తి నావైపు చూసింది, మళ్లీ ఫోనులోకి, మళ్లీ నావైపు. ఎటు నమ్మాలో ఆవిడకి తెలియలేదు.

నేను మీట నొక్కి ఆయన్నే తెచ్చాను. నా బల్ల మీది ఉల్లిపాయల గిన్నె, కత్తి తీసుకెళ్లి ఆయన ముందు గట్టు మీద పెట్టి, ఆ కెమెరాని గట్టు పక్కకి తెచ్చి వెనక్కి జరిపాను. గట్టు, గట్టు మీద ఉల్లిపాయల గిన్నె, కత్తి, తల నుంచి కాలిదాకా మనిషి, అంతా స్పష్టంగా కనబడేలా పెట్టాను. మసకలేదు, ప్రత్యేకమైన వెలుగు లేదు. స్టాండు మర బిగించాను.

“మిగతావి ఇప్పుడు ఇంటాయన తరుగుతారు” అన్నాను జనంతో. “అయ్యేదాకా ఈ షాటు ఇలాగే ఉంటుంది.”

ఆయన చేతులు జేబుల్లోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.